ఇంజనీర్ చెప్పింది ఎందుకు అర్థం కాదు? ఒకే విషయం, నలుగురికి నాలుగు రకాలుగా

ఈ ఎపిసోడ్ ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళకీ, ఈమధ్యే ఉద్యోగంలో చేరినవాళ్ళకీ. బీటెక్‌తో సంబంధం లేనివాళ్ళు కూడా చూడొచ్చు. నిజానికి ఇంజనీర్లు చెప్పేది వినాల్సి వచ్చేది, అర్థం కాక ఇబ్బంది పడేది ఎక్కువగా వాళ్ళే.

మన దగ్గర కమ్యూనికేషన్ స్కిల్స్ అనగానే అందరూ ఇంగ్లీష్ అనుకుంటారు. అమీర్‌పేట వెళ్ళి స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరిపోతే పనైపోతుందని లెక్క. ఇంగ్లీష్ కావాలి, కాదనను. కానీ ఇంగ్లీష్ బ్రహ్మాండంగా వచ్చినవాళ్ళు కూడా అరగంట మాట్లాడి, అవతలి మనిషికి ఒక్క ముక్క ఎక్కకుండా మీటింగ్ ముగించడం నేను చాలాసార్లు చూశాను. నేను సివిల్ చదివాను. రెండేళ్ళు సైట్లో పనిచేసి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాను. రెండు చోట్లా ఇదే తంతు.

ఇంకో సలహా కూడా బాగా వినిపిస్తుంది: "మీ అమ్మమ్మకి అర్థమయ్యేలా చెప్పు" అని. నాకు ఈ సలహా అస్సలు నచ్చదు. మా అమ్మమ్మ ఇరవై మంది చీటీ పాటల లెక్క నోటితో చెప్పేది, కాగితం లేకుండా. తెలివి తక్కువ కాబట్టి తేలిగ్గా చెప్పాలి అనుకోవడంలోనే తప్పుంది. అవతలివాళ్ళకి తెలివి ఉంటుంది. వాళ్ళు చేయాల్సిన పని వేరు, అంతే. మీ మాట విన్న తర్వాత వాళ్ళు ఏం నిర్ణయం తీసుకోవాలి? అది తెలిస్తే ఎలా చెప్పాలో సగం తెలిసినట్టే.

ఇది గాల్లో మాటలా ఉంది కాబట్టి, మనందరికీ తెలిసిన ఒక విషయం తీసుకుందాం. గోదావరి వరద.

2022 జులైలో వచ్చిన వరద గుర్తుందా? భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు వెళ్ళింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక మళ్ళీ అంత ఎత్తు అప్పుడే. కింద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. టీవీల్లో, వాట్సాప్‌లో అందరూ అదే అంకె పంపుకున్నారు. క్యూసెక్కు అంటే ఎంతో వాళ్ళలో ఎంతమందికి తెలుసు?

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్ళు. లీటర్లలో 28.3. మన ఇళ్ళకు వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉంటుంది చూడండి, అది దాదాపు ఒకటిన్నర. సెకనుకు ఒకటిన్నర క్యాన్ ఒక క్యూసెక్కు. మరి 25 లక్షల క్యూసెక్కులంటే? అపార్ట్‌మెంట్లకు వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే, సెకనుకు 14 వేల ట్యాంకర్లు. నేను "సెకను" అనేలోపు 14 వేల ట్యాంకర్ల నీళ్ళు వెళ్ళిపోయాయి.

బాగుంది కదా? రీల్ చేస్తే లక్ష లైకులు వస్తాయి. కానీ ఈ ట్యాంకర్ల లెక్క ఎవరికి ఉపయోగం? హైదరాబాద్‌లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్న మనిషికి. అతను తీసుకోవాల్సిన నిర్ణయం ఏమీ లేదు, ఎంత పెద్దదో తెలిస్తే చాలు. పోలిక అతనికి సరిపోతుంది.

అదే పోలిక కోనసీమలో ఏటిగట్టుకు లోపల, లంకలో ఉన్న రైతుకు చెప్పండి. "బాబూ, 14 వేల ట్యాంకర్లు సరే, నీళ్ళు మా అరుగు ఎక్కుతాయా లేదా? గొడ్లను ఇప్పుడే గట్టు మీదకు తోలాలా, పొద్దున దాకా ఆగొచ్చా?" అంటాడు. అతనికి ట్యాంకర్లూ వద్దు, క్యూసెక్కులూ వద్దు. పాత వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అతనికి తెలుసు. దానికంటే ఎక్కువా, తక్కువా, ఎప్పటికి వస్తుంది అన్నదే కావాలి.

బ్యారేజీ మీద ఉన్న ఇంజనీర్‌కి మాత్రం క్యూసెక్కులే కావాలి. అక్కడ 175 గేట్లున్నాయి, పైనుంచి ఎంత వస్తోంది, కిందికి ఎంత వదులుతున్నాం అనే లెక్క అందులోనే నడుస్తుంది. ఆయనకి ట్యాంకర్ల పోలిక చెబితే నవ్వుతాడు. ఇక కలెక్టర్ గారికి కావాల్సింది ఏ మండలాలు, ఎన్ని గంటల టైముంది, ఎన్ని పడవలు, ఎంతమందికి భోజనం. నది ఒక్కటే, నీళ్ళు అవే. నలుగురికీ నాలుగు రకాలుగా చెప్పాలి, నాలుగూ నిజమే అయ్యుండాలి.

ఇందులో మనవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న ఒక మంచి పని ఉంది. భద్రాచలం దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు: 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. వార్తల్లో ఏళ్ళ తరబడి వింటున్నాం కాబట్టి దీని గొప్పతనం మనకు కనిపించదు. ఇంజనీర్ల దగ్గర ఉన్నది నిరంతరం మారే అంకె. 46.2, 46.7, 47.1 అలా పెరుగుతూ పోతుంది. ఆ అంకె ఏ దగ్గర మామూలు మనిషి పనిగా మారాలి అన్నది వాన లేని రోజు, తాపీగా కూర్చుని ముందే తేల్చి పెట్టుకున్నారు. వరద రాత్రి ఎవరూ వాదించుకోనక్కర్లేదు. "మూడోది వచ్చింది" అంటే చాలు, లోతట్టులో ఉన్నవాళ్ళు మూటాముల్లె సర్దుకుంటారు. దండోరా వేసేవాడికి కూడా నోరు తిరిగే మాట అది.

కానీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17.75 అడుగులకే. కొత్తవాళ్ళు ఎవరైనా "భద్రాచలంలో 53, ఇక్కడ 17 అంతేనా, హమ్మయ్య" అనుకుంటే? రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు సున్నాల నుంచి కొలిచినవి. ఊరి పేరు తీసేస్తే ఆ అంకెకు అర్థం లేదు. శ్రీశైలం కూడా అంతే. "పూర్తి నీటిమట్టం 885 అడుగులు" అని వార్తల్లో చదువుతారు. అంత లోతు నీళ్ళున్నాయనుకునేవాళ్ళు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. అది సముద్రమట్టం నుంచి లెక్క, డ్యామ్ ఎత్తే అంత ఉండదు. ఇంజనీర్‌కి ఇది ఎంత అలవాటంటే, చెప్పాలని కూడా తోచదు. వినేవాళ్ళకి తెలియనిది ఏదో కాదు, మనకు మరీ బాగా తెలిసిపోయింది ఏదో, దాన్నే చెప్పకుండా వదిలేస్తాం.

సైట్లో పనిచేసేటప్పుడు కూడా ఇదే. డ్రాయింగులో మాల్ 1:6 అని రాస్తారు. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళు ఇసుక. మేస్త్రీ గారు నిష్పత్తిలో పని చేయరు, బస్తాల్లో, గమేళాల్లో చేస్తారు. 50 కేజీల బస్తా సిమెంటు దాదాపు 35 లీటర్లు, అంటే ఇసుక 210 లీటర్లు. ఆ గమేళాలో ఎంత పడుతుందో కొలిచి, "బస్తాకి ఇన్ని గమేళాలు, గుట్ట పోయకుండా, సమంగా" అని చెప్పాలి. చెప్పాక "అర్థమైందా?" అని అడక్కూడదు. మన దేశంలో ఆ ప్రశ్నకి ఎప్పుడూ "అయింది సార్" అనే జవాబు వస్తుంది. "బస్తాకి ఎన్ని పోస్తున్నారు మేస్త్రీ గారూ?" అని అడగాలి. ఆయన నోటి నుంచి అంకె వస్తేనే చేరినట్టు. కొన్నిసార్లు ఆయనే "ఈ ఇసుక తడిగా ఉంది, ఉబ్బి ఉంటుంది, ఆ కొలత పనికిరాదు" అని చెప్తాడు. ఆ మాట నిజం, తడి ఇసుక ఉబ్బుతుంది. ఆయన చెప్పేది వినకపోతే మనకే నష్టం.

ఇంతవరకు చెప్పినవి కాస్త సులువైనవి. ఇంజనీర్ అసలు తడబడేది పైవాళ్ళకి చెప్పేటప్పుడు, అదీ చెడ్డ వార్త చెప్పేటప్పుడు. దీనికి నేను చెప్పబోయే ఉదాహరణ మీ అందరికీ తెలుసు. కొలంబియా. మన కల్పనా చావ్లా వెళ్ళిన స్పేస్ షటిల్.

2003 జనవరి 16న అది పైకి లేచింది. లేచిన 82 సెకన్ల దగ్గర బయటి ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు కొట్టుకుంది. మర్నాడు వీడియోల్లో చూశారు. దెబ్బ ఎంత తగిలిందో తేల్చడానికి ఇంజనీర్ల బృందం ఒకటి కూర్చుంది. షటిల్ ఇంకా రెండు వారాలు పైనే ఉంటుంది, టైముంది.

ఆ బృందం విశ్లేషణ స్లైడ్ల మీద పైకి వెళ్ళింది. వాటిలో ఒక స్లైడ్ తర్వాత చాలా ప్రసిద్ధి అయింది, ఎడ్వర్డ్ టఫ్టీ అనే ప్రొఫెసర్ దాన్ని ముక్కముక్కలుగా విప్పి చూపించారు. పైన పెద్ద అక్షరాల్లో హెడ్డింగ్. దాని సారం: టెస్టుల డేటా చూస్తే, మన లెక్కలు జాగ్రత్త వైపే ఉన్నాయి. బిజీగా ఉన్న మేనేజర్‌కి అది ఎలా వినిపిస్తుంది? "సేఫ్" అని. కింద బుల్లెట్లు, వాటి కింద ఇంకా చిన్న బుల్లెట్లు. అన్నిటికంటే అడుగున ఒక లైను: ఈ ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలు, టెస్టుల్లో వాడినది 3 ఘనపు అంగుళాలు.

మళ్ళీ మన లీటర్లలోకి మారుద్దాం. టెస్టు చేసింది నిమ్మకాయంత ముక్కతో. ఆ స్లైడ్ లెక్కన తగిలింది ఒకటిన్నర వాటర్ క్యాన్ అంత ముక్క. 640 రెట్లు. అంటే మన దగ్గర ఉన్న టెస్టు డేటా ఈ ప్రశ్నకు జవాబే చెప్పదు. హెడ్డింగ్‌గా ఉండాల్సిన మాట అదే. అదే అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అబద్ధం ఎవరూ రాయలేదు చూడండి, అన్నీ నిజాలే. ఆ స్లైడ్‌లో "సిగ్నిఫికెంట్" అనే అర్థమొచ్చే మాట ఐదుసార్లు వచ్చిందనీ, ఒక్కోచోట ఒక్కో అర్థంలో వాడారనీ టఫ్టీ ఎత్తి చూపారు.

ఇంకో సంగతి. రెక్కను ఫొటో తీయించమని ఇంజనీర్లు అడిగారు. తప్పనిసరా అని పైనుంచి ప్రశ్న. దెబ్బ తగిలిందని రుజువు ఉంటేనే ఫొటో, ఫొటో ఉంటేనే రుజువు. చివరికి ఫొటోలు తీయలేదు. ఆ బృందంలోని రాడ్నీ రోచా అనే ఇంజనీర్ ఈ నిర్ణయం తప్పని చాలా గట్టిగా ఒక ఈమెయిల్ రాసుకున్నారు, పక్కనున్న సహోద్యోగికి చూపించారు. పైవాళ్ళకి పంపలేదు.

నాకు అన్నిటికంటే గుచ్చుకునేది ఇంకొకటి. పైన ఉన్న కమాండర్‌కి, పైలట్‌కి కూడా జనవరి 23న కింది నుంచి ఒక ఈమెయిల్ వెళ్ళింది. ఫోమ్ తగిలింది, కంగారు పడాల్సింది లేదు, విలేకరులు ఎవరైనా అడిగితే మీరు ఆశ్చర్యపోకూడదని చెబుతున్నాం, అని దాని సారాంశం. ఎవరి ప్రాణం దాని మీద ఆధారపడి ఉందో, వాళ్ళకి ఆ సమాచారం ప్రెస్‌మీట్ ప్రశ్నకు జవాబుగా చేరింది. ఎవరికి చెబుతున్నాం, వాళ్ళకి ఇది ఎందుకు కావాలి అని ఎవరూ ఆగి ఆలోచించలేదన్నమాట.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ, దిగడానికి 16 నిమిషాల ముందు టెక్సాస్ మీద ఆకాశంలో షటిల్ విరిగిపోయింది. ఏడుగురూ చనిపోయారు. ఆ జులైలో పరీక్షగా అలాంటి ఫోమ్ ముక్కనే రెక్క అంచు పలక మీదకు పేల్చి చూస్తే, దాదాపు 40 సెంటీమీటర్ల కన్నం పడింది.

స్లైడ్ బాగా రాసుంటే బతికేవారా? నేనలా అనను. విచారణ బోర్డు కూడా ఫోమ్‌తో సమానంగా నాసా సంస్థ అలవాట్లనే తప్పు పట్టింది. వినకూడదనుకున్న వాళ్ళకి ఎంత బాగా చెప్పినా వినరు. కాకపోతే ఆ స్లైడ్ చదివితే ఇది ప్రాణాల మీదకు వచ్చిన వ్యవహారమని పై అధికారికి తట్టకపోవచ్చు అని కూడా అదే బోర్డు రాసింది. వినకపోవడం వాళ్ళ తప్పు కావచ్చు, కానీ వినపడేలా చెప్పడం మన చేతిలో పని.

సరే, మనం రాకెట్లు నడపడం లేదు. కానీ మన ఆఫీసుల్లో ఇలాంటి మాట రోజూ వినిపిస్తుంది. "కొంచెం ఇష్యూ ఉంది సార్." ఈ "కొంచెం" ఉంది చూశారూ, దానికి హద్దు లేదు. బటన్ రంగు మారినా కొంచెమే, కస్టమర్ల డేటా మొత్తం పోయినా కొంచెమే. పెద్దవాళ్ళ ముందు చెడ్డ వార్తను మెత్తగా చెప్పడం మనకు మర్యాదగా నేర్పారు. ఇంట్లో ఆ మర్యాద పనికొస్తుంది. ప్రొడక్షన్ సర్వర్ దగ్గర పనికిరాదు. మర్యాదని "సార్"లో పెట్టండి, అంకెని మాత్రం మెత్తబరచకండి.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక జూనియర్ అమ్మాయి ఉండేది, పెద్దగా మాట్లాడేది కాదు. తన మెయిల్స్ మాత్రం డైరెక్టర్లు కూడా చదివేవారు. మొదటి లైనులోనే ఉండేది: "సార్, ఈ రోజు సాయంత్రం 6లోపు మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి: రేపటి రిలీజ్ ఆపాలా, వద్దా." రెండో లైనులో, ఆపకపోతే ఎంతమందికి ఏమవుతుంది. మూడో లైనులో, తనకి ఇంకా తెలియనిది ఏంటి, అది తెలియాలంటే ఎన్ని గంటలు కావాలి. లాగ్‌లు, గ్రాఫులు అన్నీ కింద. చూడాలనుకున్నవాళ్ళు చూస్తారు. ఆ మూడో లైను నాకు చాలా నచ్చేది. మనలో ఎక్కువమంది "తెలియదు" అనడం చేతకానితనం అనుకుంటాం. కొలంబియా స్లైడ్ అడుగున దాక్కున్నది సరిగ్గా ఆ మూడో లైనే.

చివరిగా మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి చెప్పి ఆపేస్తాను. యూపీఐలో డబ్బులు పంపారు, ఖాతాలో కట్ అయ్యాయి, అవతల చేరలేదు. స్క్రీన్ మీద "ప్రాసెసింగ్" అని తిరుగుతోంది. ఆ యాప్ రాసిన ఇంజనీర్‌కి అది ఒక స్టేటస్ కోడ్. మీకు అది ఇంటి అద్దె. ఆర్‌బీఐ 2019లో దీనికి గడువు పెట్టింది. మనిషి నుంచి మనిషికి పంపినవి అలా ఆగిపోతే టి ప్లస్ 1, దుకాణానికి కట్టినప్పుడు దుకాణదారుకి కన్ఫర్మేషన్ అందకపోతే టి ప్లస్ 5. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. బ్యాంకు మనిషికి "టి ప్లస్ 1" పూర్తి వాక్యం. మామూలు మనిషికి అదేదో ఫార్ములా. దాన్నే ఇలా రాస్తే: "మీ డబ్బు ఎక్కడికీ పోలేదు. రేపటిలోగా తిరిగి రావాలి. రాకపోతే ఈ నంబరుతో ఫిర్యాదు చేయండి. అప్పటిదాకా మళ్ళీ పంపకండి, రెండుసార్లు కట్ కావొచ్చు." నాలుగు వాక్యాలు. ఆఖరి వాక్యమే ఎక్కువ డబ్బు కాపాడుతుంది, ఎందుకంటే కంగారులో మనం చేసే మొదటి పని మళ్ళీ పంపడమే.

టి ప్లస్ 1 దాటినా డబ్బు రాకపోతే ఫిర్యాదు ఎక్కడ మొదలుపెట్టాలి, బ్యాంకు స్పందించకపోతే అంబుడ్స్‌మన్ దగ్గరికి ఎలా వెళ్ళాలి అన్నది విడిగా ఒక ఎపిసోడ్ అవుతుంది. వచ్చే వారం అదే చేద్దాం. ఉంటాను మరి, నమస్తే.